లేని గంటలో పుట్టిన పిల్ల

మా మంత్రిగారికి విమానం ఎక్కగానే నిద్ర పట్టేస్తుంది. అది ఆయన బలహీనత అని గిట్టనివాళ్లు అంటారు. నేనలా అనను. ఆయన శాఖలో ఉద్యోగం చేస్తూ ఆయన నిద్రకు వంకలు పెట్టడం ఒంటికి మంచిది కాదు. పైగా ఆ నిద్రే లేకపోతే మా శాఖే లేదు, నా కింద ఈ కుర్చీ లేదు.

ఆ ఏడు పెట్టుబడులు తేవడానికి మంత్రిగారు లండన్ వెళ్లారు. మా రాజధానిలో పొద్దున్న ఎనిమిదింటికి విమానం కదిలింది. ఆయన బెల్టు పెట్టుకుని కళ్లు మూశారు. లండన్లో ఎవరో భుజం తడితే తెరిచారు. ఎదురుగా గోడ గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట. మంత్రిగారు చిన్నప్పటి నుంచీ కూడికలూ తీసివేతల్లో గట్టివారు. ఆ సాయంత్రమే అక్కడి తెలుగువాళ్ల సభలో మైకు పట్టుకుని, "మా ప్రభుత్వం వచ్చాక లండన్‌ని ఐదు గంటల దూరానికి తెచ్చాం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లంతా అదే దారిలో పది గంటలు విమానంలో కూర్చుని వచ్చినవాళ్లే. పాపం, సభల్లో చప్పట్లు అలా వచ్చేస్తాయి.

తిరుగు ప్రయాణంలో కూడా ఆయన నిద్రపోయారు. మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఎక్కారు, కళ్లు తెరిచేసరికి మన దగ్గర తెల్లవారుజాము నాలుగు. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మరోసారి లెక్కపెట్టుకున్నారు. స్వాగతం చెప్పడానికి దండలతో నిలబడ్డ మా మీద విరుచుకుపడ్డారు.

"వెళ్లేటప్పుడు ఐదు. వచ్చేటప్పుడు పద్నాలుగు. మధ్యలో తొమ్మిది గంటలు ఎవడు మింగాడయ్యా?"

కొత్తగా చేరిన ఒక కుర్ర అధికారి ముందుకొచ్చి, భూమి గుండ్రంగా ఉంటుంది సార్, అక్కడ పొద్దు మనకంటే ఆలస్యంగా పొడుస్తుంది, అసలు రెండు వైపులా తొమ్మిది పది గంటలే, అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఇప్పుడతను మత్స్యశాఖలో ఉన్నాడు. చేపలకు చెబుతున్నాడు కాబోలు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. మంత్రిగారి నోట మాట వచ్చాక ఆ మాటను దిద్దం. లోకాన్ని దిద్దుతాం. నెల తిరక్కుండా గగన ప్రయాణ కాల క్రమబద్ధీకరణ శాఖ ఏర్పడింది. దానికి ప్రధాన కార్యదర్శిగా కొమ్మూరి సత్యప్రమోదరావు గారు వచ్చారు, ఆయన కింద నేను చేరాను. రావు గారు మాట్లాడినా దస్త్రం చదివినట్టే ఉంటుంది. బంట్రోతుని పిలిచి, "కాఫీ విషయమై సత్వర చర్య తీసుకోవలెను" అంటారు. ఇంట్లో కూడా అంతేనని వాళ్లావిడ మా ఆవిడతో చెప్పుకుని కళ్లొత్తుకుంది.

శాఖ మొదటి ఉత్తర్వు చిన్నది. లండన్‌కూ మన రాజధానికీ మధ్య ప్రయాణకాలం, రానూ పోనూ, ఒక్కో వైపు ఐదు గంటలుగా నిర్ణయించడమైనది. విమాన కంపెనీవాళ్లు లబోదిబోమన్నారు. దూరం ఏడున్నర వేల కిలోమీటర్ల పైమాట, ఎంత తోలినా తొమ్మిది గంటలకు తగ్గదు అని పటాలు పరిచి చూపించారు. రావు గారు పటాలు మడతపెట్టించి వెనక్కిచ్చారు.

"విమానం ఎంతసేపు ఎగురుతుందన్నది విమానం ఇష్టం. ప్రయాణం ఎంతసేపు జరిగిందన్నది ప్రభుత్వ నిర్ణయం. రెంటినీ కలపరాదు."

ఉత్తర్వు పాటించకపోతే దిగడానికి అనుమతి ఉండదన్నాం. గాల్లో ఉన్నవాడికి అంతకు మించిన బెదిరింపు లేదు, వాళ్లు దారికొచ్చారు. అప్పట్నుంచి సరిగ్గా ఐదు గంటలు కాగానే విమానంలో ప్రకటన వినిపించేది. "ప్రయాణికులకు నమస్కారం. మనం రాజధానికి చేరుకున్నాం. సాంకేతిక కారణాల వల్ల తలుపులు మరో నాలుగు గంటల తరువాత తెరవబడతాయి."

దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. చేరుకున్నాం అన్న మాట చెవిన పడితే మనవాళ్లు కూర్చోలేరు. లేచి, పైన అరల్లోంచి సామాను దించుకుని, నడవలో ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని నిలబడతారు. అలా నాలుగు గంటలూ నిలబడేవాళ్లు. ముందు దిగినవాడికి ప్రభుత్వం ఏదైనా ఇస్తుందేమో తెలియదు. మొత్తానికి పథకం జనంలోకి వెళ్లిందని మేము నివేదిక పంపాం.

ప్రత్యూష ఎక్కింది అలాంటి విమానమే.

ఆమెది గోదావరి పక్క ఊరు. భర్త కిరీటి లండన్లో ఒక హోటల్లో వంటవాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెల రాగానే కిరీటి ఆమెను విమానం ఎక్కించి పంపాడు. అతనికి సెలవు దొరకలేదు. దొరకదు కూడా, వెళ్తే మళ్లీ రానక్కర్లేదని యజమాని ముందే చెప్పేశాడు. ఐదో గంటలో విమానం చేరుకుంది, అంటే కాగితాల్లో. ఏడో గంటలో ఆమెకు నొప్పులొచ్చాయి.

విమానం వెనక వరసలో ఒక డాక్టరున్నాడు. పళ్ల డాక్టరే, కానీ ఆ సమయానికి దేవుడే. ఆయన ముందుకు రావడానికి నానా యాతన పడ్డాడు.

"కాస్త జరగండి బాబూ, దారివ్వండి!"

"ఎక్కడికండీ ఆ తోసుకోడం? అందరం దిగేవాళ్లమే!" అన్నారు సూట్‌కేసులు పట్టుకుని నిలబడ్డవాళ్లు.

చివరికి ఆయన సీట్ల మీదుగా ఎక్కి దూకి వచ్చేసరికి పిల్ల సగం వచ్చేసింది. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. దుప్పటిలో చుట్టి తల్లి గుండెల మీద పెట్టారు. తక్కిన రెండు గంటలూ ప్రత్యూష ఆ పిల్ల ముక్కు దగ్గర వేలు తియ్యలేదట. దిగాక ఆసుపత్రిలో మూడు వారాలు గాజుపెట్టెలో ఉంచి బతికించారు. మేఘన అని పేరు పెట్టుకున్నారు. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. తరువాతే పుట్టిన సర్టిఫికెట్టు కావాలన్నారు.

మునిసిపాలిటీవాళ్లు పైలటు రాసిచ్చిన కాగితం చూశారు. బయల్దేరిన ఏడో గంటలో జననం అని ఉంది. గంటల వ్యవహారం మాది కాదంటూ మా శాఖకు పంపించారు. ప్రత్యూష, వాళ్లమ్మ రాజ్యమ్మ, రాజ్యమ్మ భుజం మీద పిల్ల, ముగ్గురూ రావు గారి గదిలోకి వచ్చారు. మూడో వ్యక్తిని రిజిస్టరులో రాయొద్దని రావు గారు గుమాస్తాకు సైగ చేశారు.

"అమ్మా, ఉత్తర్వు ప్రకారం మీ విమానం ఐదో గంటకు రాజధాని చేరింది. చేరే సమయానికి తమరు గర్భవతి. అవునా, కాదా?"

"అవునండి," అంది ప్రత్యూష.

"చేరిన పిమ్మట విమానాశ్రయంలో ప్రసవం జరిగినట్టు అక్కడ నమోదు ఉన్నదా?"

"మేం అప్పటికి అక్కడ లేం కదండి. గాల్లో ఉన్నాం."

"గాల్లో ఉండుటకు వీలులేదు. దిగిపోయితిరి. పిమ్మట ఏదేని ఆసుపత్రిలో పురుడు పోసుకుంటిరా?"

"లేదండి."

"ఇంటివద్ద?"

"లేదండి. విమానంలోనే అని చెప్తున్నా కదండీ."

రావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "విమానం ఎక్కునప్పుడు గర్భవతి. దిగునప్పుడు గర్భవతి. అటుపిమ్మట ఎచ్చటనూ ప్రసవించలేదు. కావున, తమరు ఇంకనూ గర్భవతియే."

రాజ్యమ్మ భుజం మీది పిల్లని తీసి ఆయన బల్ల మీద, ఫైళ్ల మధ్యలో పడుకోబెట్టింది.

"మరి ఇదేటండి బాబూ? పొద్దుట్నించీ నా ప్రాణాలు తోడేత్తా ఉంది, ఇదేటో సెప్పండి!"

రావు గారు ఒంగి పిల్లని పరిశీలనగా చూశారు. "ఈ విషయమై మా కార్యాలయమునందు సమాచారం లేదు," అన్నారు. సరిగ్గా అప్పుడే పిల్ల ఆయన ఫైలు తడిపింది. దాన్ని కూడా మేము నమోదు చెయ్యలేదు.

నిర్ణయం తీసుకున్నాక ప్రభుత్వం వదిలిపెట్టదు, దాని మంచి చెడ్డలన్నీ చూస్తుంది. ప్రత్యూష గర్భవతి అని మేము అన్ని శాఖలకూ తెలియజేశాం. అంగన్‌వాడీ ఆయమ్మ నెలనెలా గుడ్లూ పాలూ రక్తం పట్టే మాత్రలూ తెచ్చిచ్చేది. మొదట్లో రాజ్యమ్మ నోరు మెదపలేదు. గుడ్లు ఎవరికి చేదు? కానీ పోలియో చుక్కల రోజున నర్సు వచ్చి, పిల్లని పక్కన పెట్టి, తల్లిని నోరు తెరవమంది.

"నాకెందుకు సిస్టర్? పాప ఇదిగో."

"మా లిస్టులో పాప లోపలుందమ్మా. మీకు వేస్తే లోపలికి చేరుద్దిలే అన్నారు పైవాళ్లు. నన్నేం చెయ్యమంటావు చెప్పు, నా ఉజ్జోగం నాది."

రాజ్యమ్మ చీపురు తీసింది. నర్సు పరుగో పరుగు. ఆ మీదట ప్రత్యూష పిల్లను పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూదులు వేయించుకొచ్చింది. ఆయనకు ఉత్తర్వు అందలేదు, అందువల్ల పిల్ల కనిపించింది.

సూదులంటే ఎలాగో అయ్యాయి. పాస్‌పోర్టు దగ్గర మాత్రం బండి నిలిచిపోయింది. పుట్టినట్టు కాగితం లేనిదే పాస్‌పోర్టు లేదు, అది లేనిదే లండన్ లేదు, అక్కడ వంటగదిలో ఉన్న తండ్రి లేడు. ప్రత్యూష పదిహేను రోజులకోసారి పొద్దుటి బస్సు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చేది. రావు గారు ఉంటే సమావేశంలో ఉండేవారు, లేకపోతే లేకుండా ఉండేవారు. నా బల్ల దగ్గర బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేది. పిల్ల ఆ బెంచీ పట్టుకునే నిలబడ్డం నేర్చింది. నడక కూడా మా వరండాలోనే నేర్చింది.

ఒకరోజు ప్రత్యూష పిల్లకి డబ్బాలోంచి పెరుగన్నం పెడుతోంది. ఫోన్లో కిరీటి కనిపిస్తున్నాడు, నెత్తిన వంటవాళ్ల టోపీ, వెనకాల పెద్ద పెద్ద గిన్నెలు. పిల్ల ఒక ముద్ద తీసి ఫోను అద్దానికి అద్దింది. "నాన్నా, ఆం," అంది. అతను అక్కడ నోరు తెరిచి నమిలినట్టు నటించాడు. అద్దం నిండా మెతుకులు, వాటి వెనక అతని ముఖం. ప్రత్యూష తుడవబోతే పిల్ల ఒప్పుకోలేదు, నాన్న ఇంకా తింటున్నాడని.

చెప్పకూడదు గానీ, ఆ పూట నాకు క్యారేజీ తెరవ బుద్ధి కాలేదు. ఆ ఉత్తర్వు ముసాయిదా నా చేతిరాతే. మర్నాటికి ఆకలి వేసింది లెండి.

ఈలోగా ప్రత్యూష గర్భం ఏడాది దాటింది. ఆరోగ్యశాఖవాళ్లు హడలిపోయారు. ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి స్కానింగు తీసి, లోపల ఎవరూ లేరని రాశారు. దాన్ని రావు గారు, "శిశువు స్కానింగునకు సహకరించుట లేదు" అని సవరించారు. ముప్పయ్యో నెలలో సంగతి మంత్రిగారి చెవిన పడింది. ఆయన పొంగిపోయారు. ఇంతకాలం మోసిన తల్లి దేశంలో ఇంకో రాష్ట్రంలో ఉందా అన్నారు. సభ పెట్టి, ఆమెకు మళ్లీ సీమంతం చేయించి, మహిళా నాయకురాళ్ల చేత మోచేతుల దాకా గాజులు వేయించారు. ఎవరి కోసం సీమంతమో ఆ పిల్ల వేదిక కింద కూర్చుని పళ్లెంలోని లడ్డూలు తినేసింది. ఎవరి పిల్లమ్మా ఇది, తీసుకెళ్లండి అని మైకులో రెండుసార్లు చెప్పారు.

ప్రత్యూష ఆ గాజులతోనే మర్నాడు మా ఆఫీసుకు వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు. తిన్నగా రావు గారి గది తలుపు తోసింది.

"సార్, ఆ ఐదు గంటలూ మీవే. మీరన్నట్టే ఐదే. లండన్ పక్క వీధిలోనే ఉందనండి, అలాగేనంటాను. నాకు ఇది పుట్టినట్టు కాగితం కావాలి. దీన్ని వాళ్ల నాన్న ఎత్తుకోవాలి. అంతే. ఏం చేస్తే ఇది పుడుతుందో చెప్పండి, చేస్తాను."

ఇంత సూటిగా అడిగినవాళ్లు మా శాఖకు అంతకుముందు రాలేదు. రావు గారు చాలాసేపు పైకప్పు చూశారు.

"పుట్టని శిశువునకు ధ్రువీకరణ ఇవ్వజాలము. అయితే, పుట్టినచో ఆ రోజే ఇవ్వగలము."

ఆ విధంగా ప్రసవానికి అనుమతి మంజూరైంది. మంచి రోజు చూశారు. పెద్దాసుపత్రి కాన్పుల వార్డుకు రంగు వేశారు. మంత్రిగారి కోసం గుమ్మానికి రిబ్బను కట్టారు. పిల్లకి రెండేళ్లు నిండి నెలయింది అప్పటికి. ఎర్ర గౌను, కాళ్లకు గజ్జెల పట్టీలు, చేతిలో బిస్కట్టు ముక్క. ప్రత్యూష మంచం మీద పడుకుని పైన తిరిగే పంకా కేసి చూస్తోంది. డాక్టరమ్మ ఆమె ముఖం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నొప్పులు పడవలెనా?" అని నేను రావు గారిని అడిగాను.

"మినహాయించడమైనది," అన్నారు ఆయన దయగా. "కానీ ఏడుపు తప్పనిసరి. శిశువు ఏడ్చినట్టు నమోదు లేనిదే జననం చెల్లదు."

పిల్ల ఏడవలేదు. మాకు బిస్కట్టు చూపించి నవ్వింది. ముహూర్తం దాటిపోతోందని బయట మంత్రిగారి మనుషులు తొందరపెట్టారు. నర్సు చప్పట్లు కొట్టింది, బూచి అంది. పిల్ల తిరిగి బూచి అంది. ఇక లాభం లేదని రావు గారు సైగ చేస్తే నర్సు పిల్లను ఎత్తుకుని వరండాలోకి వెళ్లింది. తలుపు వేశారు.

ఆ వెంటనే అవతల నుంచి తలుపు మీద చిన్న చేతులు దబదబ బాదాయి. "అమ్మా! అమ్మా! తియ్యి!" ఏడుపు ఆసుపత్రి అంతా వినబడింది. లోపల ప్రత్యూష గభాల్న లేచి కూర్చుంది.

"ఇంకొక్క నిమిషం పడుకోవలెను," అన్నారు రావు గారు, గడియారం చూసి రాసుకుంటూ.

ఆమె వినలేదు. మంచం దిగి, మమ్మల్ని తోసుకుంటూ పోయి, తలుపు తనే తీసి, నర్సు చేతుల్లోంచి పిల్లని లాక్కుని గుండెలకు హత్తుకుంది. ఆమె కూడా ఏడుస్తోంది. ఆ రెండో ఏడుపుకు కాగితంలో గడి లేదు.

తక్కినదంతా సవ్యంగా జరిగింది. శిశువు బరువు పదకొండు కిలోలు, ఆరోగ్యంగా ఉన్నది, పళ్లతో సహా అని డాక్టరమ్మ సంతకం పెట్టింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి పాపను ఎత్తుకుని ఫొటో దిగారు. మా పాలనలో పిల్లలు పుట్టిన గంటలోనే నడుస్తారు అన్నారు. పాప ఆయన కళ్లద్దాలు పీకింది. నేను సర్టిఫికెట్టు తెచ్చి ప్రత్యూష చేతిలో పెట్టాను. పుట్టిన తేదీ ఆ రోజుదే. ఆమె దాన్ని పైనుంచి కింది దాకా చదివి, మడిచి, జాకెట్టులో పెట్టుకుంది. పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతూ ఆమె భుజం మీద నిద్రలోకి జారుకుంటోంది.

మెట్ల దగ్గర ఆగి ఆమె నా వైపు తిరిగింది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"లండన్ నుంచి ఇక్కడికి తొమ్మిది గంటల్లో వచ్చేశామండి. అంత సముద్రం, అన్ని దేశాలు దాటి. విమానం దిగినచోట్నించి మీ బల్ల దాకా రావడానికే మాకు రెండేళ్లు పట్టింది. అది ఎంత దూరం అంటారు?"

అలవాటు కొద్దీ నోటికొచ్చింది చెప్పాను. "ఆ దూరం కొలవడానికి శాఖ ఇంకా పెట్టలేదమ్మా."

ఆమె వెళ్లిపోయింది. నా పక్కనే నిలబడ్డ సత్యప్రమోదరావు గారి కళ్లు మెరిశాయి. ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు.

"ఈ విషయమై తక్షణమే ప్రతిపాదన తయారు చేయవలెను," అన్నారు.